దాపటెద్దు మలుపు: మా బెల్లంతో ర్యాలీ ప్రాక్టీసు

కుక్కని గిర్రున తిప్పడం మూడు రోజుల్లో వచ్చేసింది. కుక్కతో కలిసి నేను తిరగడానికి నాలుగు నెలలు పట్టింది. ఈ రెండూ ఒకటే అనుకుని మొదలుపెట్టాను, ఆ తప్పు సర్దుకునేసరికి చలికాలం అయిపోయింది.

మాది పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా బజార్లో సగం మాటలు తెలుగే, కొంచెం దూరం వెళ్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. మా కుక్క పేరు బెల్లం, రంగుని బట్టి. ఊరకుక్కే, వానాకాలంలో షాపు మెట్ల కింద దొరికిన పిల్ల, ఇప్పుడు నాలుగేళ్ళది. చిన్నప్పుడు దీన్ని ఎక్కువగా ఆడించింది పక్కింటి ఒడియా పిల్లలు, అందుకని "కూర్చో" అంటే చెవి కూడా కదపదు, "బొసొ" అంటే ఠక్కున కూర్చుంటుంది. మార్చడానికి నేనూ ప్రయత్నించలేదు. పని జరిగితే చాలు, ఏ భాషైతే ఏం.

ర్యాలీ ఒబీడియన్స్ అనే కుక్కల ఆట గురించి చెప్పింది మా చిన్నాన్న కూతురు. డల్లాస్‌లో ఉంటుంది, తన లాబ్రడార్‌తో పోటీలకి వెళ్తుంది. మామూలు ఒబీడియన్స్ పోటీలో జడ్జి పక్కన నిలబడి "నడు, ఆగు, తిరుగు" అని చెప్తుంటే చెయ్యాలట. ర్యాలీలో అలా కాదు. గ్రౌండులో వరసగా బోర్డులు పెడతారు, ఒక్కో బోర్డు మీద ఒక పని ఉంటుంది, కుక్కని ఎడమపక్కన నడిపించుకుంటూ మనమే చదువుకుని, అది చేసి తర్వాతి బోర్డుకి పోవాలి. కార్ల ర్యాలీ చూసి అల్లిన ఆట, అందుకే ఆ పేరు. బడ్ క్రేమర్ అనే ఆయన రూపొందించాడు, అమెరికన్ కెన్నెల్ క్లబ్ 2005 నుంచి దీనికి టైటిళ్ళు ఇస్తోంది. మొదటి స్థాయి నోవిస్. అందులో 10 నుంచి 15 బోర్డులు, కుక్క పట్టీతోనే (మనం పట్టుకునే మెడతాడు) ఉంటుంది, దాంతో మాట్లాడొచ్చు, మెచ్చుకోవచ్చు, చప్పట్లు కొట్టొచ్చు, కానీ ముట్టుకోకూడదు, చేతిలో తిండి ఉండకూడదు. 100 మార్కులతో మొదలై తప్పు తప్పుకీ తగ్గిస్తూ పోతారు, 70 మిగిలితే పాస్. ఇక్కడ మాకు దగ్గర్లో అలాంటి పోటీ లేదు. ఊరికే సరదాకి ఒక కోర్సు పూర్తి చేసి వీడియో పంపితే మార్కులు తను వేస్తానంది. "అన్నయ్యా, నీకు షాపులో ప్రింటరుంది, లామినేషనుంది, బోర్డులకి లోటేంటి" అంది. నిజమే కదా అనిపించింది.

బోర్డులు ప్రింటు తీసి లామినేట్ చేసి కౌంటరు మీద పెట్టాను. "270 కుడి", అంటే కుడికి 270 డిగ్రీలు తిరగమన్న కాగితం చూసి ఒకాయన "ఇది ఏ ఊరి బస్సండీ" అని అడిగాడు.

ముందు స్పిన్ మొదలుపెట్టాను, ఎందుకంటే అదే చూడటానికి బాగుంటుంది. కుక్క నాకెదురుగా నిలబడి తన చుట్టూ తాను ఒక్క చుట్టు తిరగాలి. నోవిస్‌కి ఇది అక్కర్లేదని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. ఉడికించిన కోడి లివరు మినపగుండంత ముక్కలు చేసి, ఒక ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి, నేలకి సమాంతరంగా చేత్తో పెద్ద గుండ్రం గీయాలి, ముక్కు వెంట ఒళ్ళు తిరుగుతుంది. చెయ్యి కాస్త పైకి లేచిందంటే బెల్లం ఎగరడమో కూర్చోవడమో చేసేది. గుండ్రం చిన్నదైతే మెడ మటుకు వంచి "ఇంతేనా" అన్నట్టు చూసేది. దాని ఒళ్ళు పట్టేంత వెడల్పు గీస్తేనే నాలుగు కాళ్ళూ కదిలేవి. రెండో రోజు ఉత్త చేత్తో గీసి, తిరిగాక రెండో చేతిలోంచి ముక్క ఇచ్చాను. మూడో రోజుకి మాట ముందు, చెయ్యి తర్వాత. కుడి స్పిన్‌కి "గిర్రు", ఎడమ స్పిన్‌కి "సుడి". ముందు "కుడి", "ఎడమ" అనే పెట్టుకున్నాను కానీ అది నాకెదురుగా ఉన్నప్పుడు దాని కుడి నాకు ఎడమ, అది కాదు తికమక పడింది, నేను. ఆ రెండు మాటలూ తీసేశాక హాయిగా ఉంది.

ఎడమకి వెన్నలా తిరిగేది, కుడికి మాత్రం మెడ బిగబట్టి సగంలో ఆగేది. మనకి కుడిచెయ్యి వాటం ఉన్నట్టే చాలా కుక్కలకీ ఒక వాటం ఉంటుంది. అందుకని కుడికి రెండు, ఎడమకి ఒకటి లెక్కన చేయించాను. ఒక విడతలో ఆరు కంటే ఎక్కువ వద్దని మా చెల్లి గట్టిగా చెప్పింది. పాలాయన రోజూ గేటు దగ్గర ఆగి చూసేవాడు. "ఏటి బాబూ, అలా తిప్పితే దానికి కళ్ళు తిరగవా? పిచ్చెక్కిపోద్ది" అనేవాడు. మా అమ్మకి కుడి స్పిన్ బాగా నచ్చింది, ప్రదక్షిణం అటే కదా. ఎడమది చేస్తే మొహం చిట్లించేది.

ఇక్కడిదాకా బాగానే ఉంది.

అసలు ర్యాలీ మలుపులు వేరే. 360 కుడి, 360 ఎడమ, 270లు, వెనక్కి తిరగడాలు, ఇవన్నీ కుక్కా మనమూ ఒక జోడీగా తిరగాల్సినవి. కుక్క మొదట్నించీ చివరిదాకా ఎడమ మోకాలి పక్కనే ఉండాలి. నేను "పక్కకి" అని నడుస్తూ ఎడమకి తిరగబోయానో లేదో, బెల్లం ఠక్కున సుడి తిరిగి నా ముందుకొచ్చి నిలబడి తోక ఊపింది. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే. దాని దృష్టిలో తిరగడం అంటే లివరు. నా భుజం ఎటు కదిలినా సుడి. వారం రోజులు స్పిన్ మాటెత్తకుండా మానేయాల్సొచ్చింది. తర్వాత ఒక కట్టుబాటు పెట్టుకున్నాను, ఇప్పటికీ పాటిస్తున్నాను: స్పిన్ ఎప్పుడూ నాకెదురుగా నిలబడి ఉన్నప్పుడే, మెట్ల దగ్గరే, సాయంత్రమే. మలుపులు పక్కన నడిచేటప్పుడే, పొద్దున్నే. పక్కన నడుస్తూ తనంతట తాను సుడి తిరిగితే తిట్టను, నవ్వను కూడా. నవ్వితే చాలు, దానికి అదే బహుమతి. ఊరికే నడుస్తూ పోతాను.

కుడి మలుపులు పెద్ద కష్టం కాలేదు. కుడికి తిరిగితే ఎడమపక్కనున్న కుక్క బయట అంచున పడుతుంది, ఎక్కువ దూరం నడవాలి, కాస్త తొందర పెట్టాలి. నేను ఆగకుండా చిన్న చిన్న అడుగులేస్తూ "రా రా రా" అంటే పరుగున అందుకునేది. ఎడమే మొండికేసింది. ఎడమకి తిరిగేటప్పుడు కుక్క లోపలుంటుంది. దాదాపు నిలబడ్డచోటే వెనకభాగాన్ని పక్కకి జరుపుకోవాలి. బెల్లం జరగదు. నా మోకాలు దానికి తగిలేది, అది పక్కకి తప్పుకుని వెనక పడేది. ఒకరోజు ఏకంగా కాలు తొక్కేశాను, కుయ్యిమంది. ఆ తర్వాత ఎడమ మలుపు వస్తోందని తెలియగానే జానెడు దూరం జరిగిపోయేది. పోటీలో పట్టీ బిగుసుకున్న ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. మాకు బిగుసుకోవడం అటుంచి, తీగ వాయిద్యంలా మోగేది.

దీనికి తోడు ఇంకో దెబ్బ. డిసెంబర్‌లో పొద్దున్న మంచు ఎక్కువగా ఉందని హాల్లో చేశాను. హాల్లో నున్నటి మార్బుల్. 360 ఎడమ మధ్యలో దాని వెనక కాలు జారి బెణికింది. పశువుల డాక్టరు చూసి ఎముకకేం కాలేదు, రెండు వారాలు మెట్లు కూడా ఎక్కనివ్వొద్దన్నారు. మా ఆవిడ నన్ను ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో పెళ్ళయినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ రెండు వారాలూ నేనొక్కడినే మేడ మీద ప్రాక్టీసు చేశాను. నవ్వొద్దు, పోటీల్లో కూడా అంతే, ముందు కుక్క లేకుండా మనుషులు కోర్సంతా నడిచి చూసుకుంటారు. బోర్డులు ఇసక నింపిన నీళ్ళ సీసాలకి కట్టి, ఎడమ చెయ్యి కుక్క ఉన్నట్టే పెట్టుకుని, గాలికి "మంచిపిల్ల" అంటూ తిరిగాను. ఎదుటి మేడ మీద వడియాలు పెట్టే పెద్దావిడ రెండు రోజులు చూసి మూడో రోజు మా అమ్మకి ఫోన్ చేసింది, అబ్బాయికి ఒంట్లో ఎలా ఉందని.

ఆ నడకల్లోనే 270 సంగతి అర్థమైంది. బోర్డు మీద "270 కుడి" అని ఉంటుంది కానీ తిరిగాక వెళ్ళాల్సింది ఎడమకి. తూర్పు చూస్తూ నిలబడి కుడికి తిరగండి. పావు తిరిగితే దక్షిణం, సగం తిరిగితే పడమర, ముప్పావుకి ఉత్తరం, అంటే మొదట మీకు ఎడమచెయ్యి ఉన్న దిక్కు. బుర్రకి తెలుసు, కాళ్ళకి తెలియదు. "కుడి" అని చదవగానే కాళ్ళు పావులోనే ఆగిపోతాయి. మామూలుగా బోర్డులు మన కుడిపక్కన ఉంటాయి, దిక్కు మారేవి మాత్రం ఎదురుగా పెడతారు, ఆ బోర్డు మొహం మీదకొచ్చేసరికి ఇంకా కంగారు.

జనవరిలో బెల్లం కాలు బాగయ్యాక మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాను. ఆ రోజుల్లో నీళ్ళు సన్నబడి తడి ఇసక బయటపడుతుంది, జారదు, పొద్దున్నే చల్లగా కూడా ఉంటుంది. ఒక 360 ఎడమ చేసి, ఎందుకో ఒకసారి కిందకి చూశాను. అంతా అక్కడే రాసి ఉంది. దాని ముందు కాళ్ళ గుర్తులు చక్కగా, చిన్న గుండ్రంలో, ముద్ర కొట్టినట్టు. వెనక కాళ్ళవి అడుగులు కావు, గీతలు, ముందు కాళ్ళ వెనకాల గోనె ఈడ్చినట్టు. వాటికి అడ్డంగా నా ఎడమ చెప్పు గుర్తు, బారెడు అడుగు, దాని కింద సగం పంజా. ఫొటో తీసి మా చెల్లికి పంపితే ఒకే లైను జవాబొచ్చింది: "దానికి వెనక కాళ్ళున్నాయని దానికి తెలీదు అన్నయ్యా, నీకు పాదాలున్నాయని నీకు తెలీదు."

మొదటిదానికి మందు పీట. వాళ్ళు అక్కడ ప్లాస్టిక్ దిమ్మెలు కొంటారు, నేను మా ఇంటి పీట తీశాను, అది వ్రతాల పీటని మా అమ్మ గోల పెడితే వడ్రంగి దగ్గర వేరేది చేయించి పైన పాత రబ్బరు మ్యాట్ ముక్క కొట్టించాను. కుక్క ముందు కాళ్ళు రెండూ పీట మీద, వెనకవి నేల మీద. నేను దాని కుడి భుజం పక్కన నిలబడి కొంచెం దానివైపు ఒరుగుతాను. ఒరిగితే అది వెనకభాగం జరుపుకోవాలి, ఇంకో దారి లేదు. వెనక కాలు ఒక్కటి కదిలినా చాలు, నాలుకతో టక్కుమనిపించి ముక్క. మొదటిరోజు అయిదు నిమిషాల్లో ఒక్కటంటే ఒక్క అడుగు పడింది. అదీ దోమ కుట్టి వేసిందేమోనని నా అనుమానం. అయిదారు రోజులకి పావు చుట్టు. మూడు వారాలకి గడియారం ముల్లుకి ఎదురు దిశలో పీట చుట్టూ పూర్తిగా తిరిగింది, వెనక కాళ్ళు ఒకదాని ముందు నుంచి ఒకటి వేసుకుంటూ, ముగ్గులో మెలికలాగా. తర్వాత పీట బదులు మడతపెట్టిన గోనెసంచి, తర్వాత ఏమీ లేదు.

ముక్క ఏ చేత్తో ఇస్తామన్నది ఇంత పెద్ద విషయమని నాకు తెలీదు. నేను కుడిచేత్తో ఒంటికి అడ్డంగా ఇచ్చేవాణ్ణి, అందుకోడానికి బెల్లం మెడ నా ముందుకి చాచేది, మెడ ముందుకొస్తే నడుం బయటికి పోతుంది. ఎడమచేత్తో, ప్యాంటు కుట్టు పక్కన, దాని ముక్కు ఎత్తులో ఇవ్వడం మొదలుపెట్టాక సగం వంకర దానంతటదే పోయింది.

రెండో రోగానికి మందు మా నాన్న దగ్గర దొరికింది. కాశీనగరం వైపు మాకు పొలం ఉండేది, ఆయన చాలా ఏళ్ళు వ్యవసాయం చేశారు. వసారాలో కుర్చీ వేసుకుని రోజూ చూస్తూ ఏమీ అనేవారు కాదు. ఒకరోజు నేను విసుక్కుంటుంటే అన్నారు, "ఒరే, కళ్ళంలో నూర్పుడికి ఎద్దుల బంతి కట్టినప్పుడు గుంజ పక్కన ఏ ఎద్దుని కట్టేవాళ్ళం?"

"ముసలిదాన్ని."

"ఎందుకు?"

"నడవలేదు కాబట్టి."

"కాదురా. ఉన్నచోట తిరగడం దానికే తెలుసు గనక. బయటెద్దు ఎలా పోయినా పర్వాలేదు, లోపలెద్దు తొందరపడిందా, బంతంతా గుంజకి చుట్టుకుంటుంది. నీ కుక్క దాపటెద్దు, అది ఇప్పుడు బాగానే తిరుగుతోంది. బయటెద్దువి నువ్వు. నువ్వెందుకురా దాని మీదకి దూరతావ్?"

ఎడమవైపు కట్టే ఎద్దుని దాపటెద్దు అంటారని చిన్నప్పుడు విన్నదే, మళ్ళీ ఇలా పనికొస్తుందనుకోలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ ముగ్గు డబ్బా అడిగి మేడ మీద అన్నం పళ్ళెమంత గుండ్రం గీశాను. 360 ఎడమ మొత్తం నా పాదాలు ఆ గీత దాటకూడదు. బారెడు అడుగులు మానేసి, అర పాదం, అర పాదం. తిరగడానికి ఒక అడుగు ముందే నెమ్మదించడం, ముందు ఎడమ భుజం మీదుగా దాని తోకవైపు చూడటం, తర్వాతే పాదం. ఈ చూపు దగ్గరే కిటుకంతా ఉంది. నేను తోకవైపు చూడగానే నా భుజం వెనక్కి పోతుంది, దాని నుంచి అది "ఓహో, లోపలికి తిరుగుతున్నాం" అని గ్రహించి నడుం సర్దుకుంటుంది, మాట కూడా అక్కర్లేదు. ఇదివరకు నేను బోర్డు వైపు చూస్తూ కాలు విసిరేవాణ్ణి, పాపం దానికి కబురు అందేలోపు మోకాలు అందేది.

ఫిబ్రవరి చివర మళ్ళీ ఏటికెళ్ళాం. ఇసకలో ఈసారి వెనక కాళ్ళ గుర్తులు విసనకర్ర మడతల్లా విడివిడిగా పడ్డాయి. నా చెప్పుల గుర్తులు పక్కనే, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, ఎవరో గట్టు మీద చలికి నిలబడి కాళ్ళు మార్చుకున్నట్టు. చూడటానికి అందంగా లేవు కానీ పంజా మీద ఒక్కటీ లేదు.

మార్చి రెండో వారంలో కోర్సు చేశాం. అప్పటికే ఎండ ముదిరింది, ఏడు దాటాక నేల మీద చేతివెనక ఆనించి అయిదు అంకెలు లెక్కపెట్టలేనంత వేడిగా ఉంటే కుక్కని దింపను, అందుకని ఆరింటికే గ్రౌండులో బోర్డులు పెట్టేశాను. మా చెల్లి గీసి పంపిన పటం ప్రకారం 12 బోర్డులు, అందులో అయిదు మలుపులవే. మా అమ్మాయి ఫోన్ పట్టుకుంది. జేబులో తిండి లేకుండా మొదటిసారి, అందుకని నాకు టెన్షన్, బెల్లానికి ఏమీ లేదు, దూరంగా ఒక మేక కనబడితే దాన్ని చూస్తోంది.

360 కుడి బాగా వచ్చింది. పాముమెలిక బోర్డు దగ్గర సీసాల మధ్య వంకరగా నడిచేటప్పుడు రెండుసార్లు పట్టీ బిగిసింది. 360 ఎడమ మొదటిసారి మేక వల్ల పాడైంది, మళ్ళీ చేస్తే వెన్నలా తిరిగింది, నేను ఆనందంలో తల ఎత్తి మా అమ్మాయి వైపు చూశాను, ఆ చూపులోనే తర్వాతి బోర్డు దాటబోయి కాళ్ళు తడబడ్డాయి. అదే 270 కుడి. కుడికి తిరిగాను. పావులో ఆగి కుడికే నడిచేశాను. బెల్లం నాతోపాటు చక్కగా, పట్టీ వదులుగా, మోకాలి పక్కనే, తప్పు దారిలో వచ్చింది.

మా చెల్లి వీడియో రెండుసార్లు చూసి లెక్క పంపింది. పట్టీకి రెండు మార్కులు, మళ్ళీ చేసినందుకు మూడు, తప్పుగా చేసిన బోర్డుకి పది. 85. కింద ఇంకో లైను: "ఆ పది నీవి. దానికి చెప్పకు."

వెనక్కి తిరిగే మలుపొకటి మిగిలింది, నేను ఎడమకి తిరుగుతుంటే కుక్క కుడివైపు నుంచి నా వెనకగా చుట్టుకుని మళ్ళీ ఎడమకి రావాలి, పట్టీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వెనకాల మారాలి. అది ఇంకా మొదలుపెట్టలేదు. ప్రస్తుతానికి "270 కుడి" కాగితం షాపు షట్టరు లోపలివైపు అంటించి ఉంచాను, రోజూ తెరిచేటప్పుడు ఒకసారి, వేసేటప్పుడు ఒకసారి దాని ముందు ముప్పావు తిరుగుతాను. పాలాయన మాత్రం గేటు దగ్గర ఆగితే బెల్లం అడక్కుండానే గిర్రున ఒక చుట్టు తిరుగుతోంది. ఎందుకా అని చూస్తే, ఆయనే రోజూ దానికి గ్లాసులో చుక్క పాలు పోస్తున్నాడు.